కెజియా సిస్టర్ మేడ మీది కాపురాలు

“పేర్లు నేను పెట్టినయ్యి కాదయ్యా, పేర్లతోనే వచ్చినయ్. తూర్పు గోడ వారన ఉండేది ఇస్మత్ వాళ్ల పుదీనా. దాని పక్కన యిర్మీయా వాళ్ల బచ్చలి. మెట్లెక్కంగానే ఎదురొచ్చేది సీతాబాయి వాళ్ల మందారం. అది కాస్త పొగరుబోతు, పొద్దున్నే పలకరించకపోతే మొగ్గలు రాల్చేసుద్ది. ఇంక నీళ్ల ట్యాంకుని ఆనుకుని నుంచుందే కరివేపాకు, అది సురయ్యా వాళ్లది. ఎక్కిందా?”

“రికార్డయితుంది అక్కా, మీరు చెప్పుండ్రి.”

“ఫోన్లోకి సంగతి కాదు. నీ బుర్రలోకి ఎక్కిందా అని అడుగుతున్నా.”

వాజిద్ తల ఊపాడు. పేర్లన్నీ ఎక్కాయి. మొక్క ఒక్కటీ కళ్ల ముందుకు రాలేదు. రాదు కూడా. జెద్దాలో ఆ ఐదంతస్తుల బిల్డింగు ఒక ఆస్పత్రి వాళ్ల నర్సుల క్వార్టర్సు. మగవాడి కాలు కింద ఉన్న విజిటర్స్ గది దాటి లోపలికి పడదు. ఆ గదిలోనైనా తలుపు బార్లా తెరిచి ఉండాలి, గుమ్మం దగ్గర కాపలాదారు ఇద్రీస్ కుర్చీ వేసుకుని కూర్చోవాలి. ఇద్రీస్ సూడాన్ ముసలాయన. తెలుగు ముక్క రాకపోయినా, నర్సు కెజియా నవ్విన చోటల్లా తనూ నవ్వుతూ తస్బీ పూసలు తిప్పుకుంటున్నాడు.

ఆ మేడను వాజిద్ చూసింది ఒక్క ఆకాశం వైపు నుంచే, అదీ ఎరుపూ నీలం మచ్చలుగా. చూసిన పాపానికి ఇప్పుడు దొంగకు తేలు కుట్టినట్టు ఆమె ఎదురుగా కూర్చున్నాడు. శనివారం కల్లా మేడ ఖాళీ చెయ్యాలని ముదీర్, అంటే బిల్డింగు మేనేజరు, ఆర్డరు వేశాడు. ఆ ఆర్డరుకు మూలం వాజిద్ ఎగరేసిన డ్రోను.

వాజిద్‌ది హైదరాబాదు, యాకుత్‌పురా. జెద్దాకి ఏసీ మెకానిక్కుగా వచ్చాడు. ఇకామా అనే నివాస పర్మిట్టు మీద ఈనాటికీ అదే ఉద్యోగం. పని లేని రోజుల్లో ఫోనులో వీడియోలు చూసి, విరిగిన డ్రోన్లు కొని బాగుచేసి, ఎగరెయ్యడం తనంతట తనే నేర్చుకున్నాడు. ఆ విద్య చూసి సర్వే కంపెనీ వాళ్లు తీసుకున్నారు, ఆ కంపెనీ డాక్టర్ హనాన్ అనే యూనివర్సిటీ మేడం దగ్గరికి పంపింది. ఆవిడది మనుషుల భూగోళం. ఎండాకాలంలో ఊళ్లో ఎవరికి ఎక్కడ చల్లదనం దొరుకుతుంది, చెట్టుకీ మనిషికీ నడుమ కొత్త యంత్రాలు వచ్చి ఏం మారుస్తున్నాయి, ఇదీ ఆవిడ పరిశోధన. “భూగోళమంటే మ్యాపులే కదా మేడం?” అని మొదటి రోజు అడిగితే ఆవిడ, “మ్యాపులో ఇల్లు కనిపిస్తుంది. ఆ ఇంట్లోవాళ్లు మధ్యాహ్నం పూట ఏ కిటికీ దగ్గరికి చేరతారో కనిపించదు. నాకు కావలసింది ఆ కిటికీ” అంది. ఆ మాట వాజిద్‌కి తెగ నచ్చింది. అప్పటినుంచి డ్రోను దింపాక కూడా వీధుల్లో నిలబడి జనంతో మాట్లాడ్డం అలవాటయింది.

“మొదట్నుంచి చెప్పుండ్రి అక్కా. మీరెట్ల షురూ చేసిన్రు?”

“నేనేం చేశానయ్యా, ఏసీ చేసింది.” కెజియా కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. యాభై దాటిన మనిషి. జుట్టు సగం తెల్లబడింది, గొంతు మాత్రం వార్డు ఈ చివర నుంచి ఆ చివరకి వినపడే రకం. “నాది రేపల్లె పక్క. మా ఆయన దానం అక్కడ కాన్వెంటు బస్సు నడుపుతాడు. కాలవ నీళ్లు చూసి పెరిగినదాన్ని, ఇక్కడ కొనుక్కున్న నీళ్లు పారబోయాలంటే చెయ్యి రాదు. వచ్చిన కొత్తలో నా గది ఏసీ పైపు కింద బకెట్టు పెట్టా. పొద్దున లేచి చూస్తే నిండుగా ఉంది. నేను అబ్బ, ఈ ఊరి గాల్లో ఇన్ని నీళ్లా అనుకున్నా.”

“జెద్దా గాలంటే తడిగుడ్డే కదా అక్కా. పిండినకొద్దీ వస్తది. పదేండ్లు ఆ పైపులే సాఫ్ చేసిన నేను. నీళ్లు ఎటువోతున్నయో ఒక్కనాడు ఆలోచన చెయ్యలె.”

“నీకేం, విప్పి బిగించి పోయేవాడివి. పొర్లినప్పుడు తుడుచుకునేది మేము. సరే, ఆ బకెట్టు మేడ మీదికి మోసుకెళ్లి, చేపల కొట్టువాడు పారేసిన థర్మోకోల్ పెట్టెలో మట్టి పోసి, అంజవ్వ ఇచ్చిన గోంగూర విత్తనాలు చల్లా. నిజామాబాదావిడ, షేక్ ఇంట్లో వంటమనిషి. మొలకలొచ్చిన రోజు ఫోన్ చేసి చెప్తే మా ఆయన ఏమన్నాడనుకున్నావ్? ఇక్కడ నేనొక్కణ్ణే ఎండిపోతన్నా, నన్ను తడిపేవాళ్లు లేరు అన్నాడు. ఇప్పటికీ ఫోన్ చేస్తే ముందు గోంగూర ఎట్టా ఉందనే అడుగుతాడు, తర్వాతే నన్ను.”

ఇద్రీస్ నవ్వాడు. తను నవ్వాల్సిన చోటు ఇదేనని ఆమె చేతులే అతనికి చెప్పాయి.

గోంగూర ఒక్కటే ఉన్నన్నాళ్లు మేడ మేడలాగే ఉంది. కాపురాలు తర్వాత వచ్చాయి. నితాఖత్ పేరుతో ఏ కొట్లో ఎంతమంది సౌదీలుండాలో లెక్కలు మొదలయ్యాక అజీజియా పేటలో ఒక్కో దుకాణం ముఖాలు మారుతూ వచ్చాయి. ఆ పైన, కుటుంబాలతో ఉండేవాళ్లకు తలకింత అని లెవీ పన్ను పడింది. పిల్లలెందరుంటే అంత. ఏటేటా పెరుగుతుంది కూడా. ఆ ఎండాకాలం ఎయిర్‌పోర్టులో అందరూ ఆడవాళ్లూ పిల్లలే. మగవాళ్లు బండి మీద సామాన్లు తోసుకొచ్చి, గాజు తలుపు ఇవతల నిలబడిపోయేవాళ్లు.

“మంచాలు అమ్ముకున్నారు, ఫ్రిజ్జులు అమ్ముకున్నారు. కుండీల్లో మొక్క ఎవడు కొంటాడయ్యా? పారేద్దామా అంటే ఆడదానికి మనసొప్పదు. మొదట ఇస్మత్ పుదీనా తెచ్చింది. సిస్టర్, తిరిగొచ్చేదాకా కాస్త చూడండి అంది. సరేనన్నా. ఒకళ్లకి సరే అన్నావంటే ఊరంతటికీ అన్నట్టే. ఎగ్జిట్ వీసా కొట్టించుకున్న ప్రతి ఇంటినుంచీ ఓ డబ్బా వచ్చింది. హాస్టల్లో చేరిన పిల్లల్లాగా ఒకదానికి నీళ్లెక్కువ కావాలి, ఒకదానికి నీడ కావాలి, ఒకదానికి పక్కదాంతో పడదు.”

“సురయ్యా ఆపా చెట్టు?”

కెజియా ఇద్రీస్ వైపు తిరిగి అరబ్బీలో టీ అడిగింది. అతను లేవబోయి, తలుపు వదిలి పోకూడదని గుర్తొచ్చి మళ్లీ కూర్చున్నాడు. కెజియా నవ్వేసి తనే లేచి ఫ్లాస్కులోంచి ముగ్గురికీ పోసింది.

సురయ్యా వాళ్లది ప్రొద్దుటూరు. భర్త మహబూబ్ సుభాని సెల్‌ఫోన్లు బాగుచేసేవాడు. ఆ పని సౌదీలకే అన్నప్పుడు గోడౌనులో చేరాడు. జీతం తగ్గింది, లెవీ మొదలయింది. భార్యనీ ముగ్గురు పిల్లల్నీ పంపక తప్పలేదు. వాళ్ల కరివేపాకు మామూలు కరివేపాకు కాదు. సురయ్యా తల్లి మక్కాకి ఉమ్రా యాత్రకి వచ్చినప్పుడు టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నెలో తడిగుడ్డ చుట్టి తెచ్చిన పిలక. ఆఖరి కూతురు మాబున్నీ, ఆ మొక్కా ఒక ఏడాదే పెరగడం మొదలెట్టారు.

“ఆ పిల్ల వీడియోలో ఏమడుగుద్దో తెలుసా? పెద్దమ్మా, నా చెట్టు నాకంటే పొడుగయిందా అని. అక్కడ గోడకి నిలబడి తల మీద చెయ్యి పెట్టుకుంటది. ఇక్కడ నేను చెట్టు పక్కన చెయ్యి పెట్టి చూపించాలి. పోయిన నెల చెట్టు గెలిచింది. మూడ్రోజులు అన్నం తిన్లేదంట, కోపం.”

శుక్రవారం సాయంత్రపు అసర్ నమాజయ్యాక సుభాని బిల్డింగు వెనక సందులోకి వస్తాడు. మేడ మీదికి రాకూడదు కనుక కెజియా తాడు కట్టిన ప్లాస్టిక్ బుట్ట కిందికి దించుతుంది. బుట్టలో గుప్పెడు కరివేపాకు ఉంటుంది. మొదట్లో ఇదేం పద్ధతని ఇద్రీస్ గొడవ చేశాడు. ఇప్పుడు బుట్ట గాలికి ఊగి కిటికీలకు తగలకుండా కింద నుంచి చెయ్యి ఊపి దారి చూపేది అతనే. మిగతా మగవాళ్లు కూడా అలవాటు పడ్డారు. యిర్మీయా బచ్చలి తీసుకెళ్లి, ఆరుగురు ఉండే గదిలో పప్పు వండుతాడు. ఉప్పెక్కువైతే మరుసటి వారం ఆ సందులోంచే పైకి కేకేసి చెబుతాడు. సుభాని మాత్రం వండడు. ఒక రెమ్మ జేబులో పెట్టుకుంటాడు, మిగిలింది గదిలో వాళ్లకిచ్చేస్తాడు.

“మేడ ఖాళీ అంటే ముందు పోయేది అదే తమ్ముడూ. ట్యాంకు పక్కన ఉందిగా. పుదీనా ఎక్కడ గుచ్చినా బతుకుద్ది. ఆ చెట్టు ఒకసారి ఎండిందా, ఆ పిల్లకి నేనేం చెయ్యి పెట్టి చూపించాలి?”

వాజిద్ టీ గ్లాసు కింద పెట్టాడు. చెప్పక తప్పలేదు.

“అక్కా, తప్పు నాదే. నేనే ఎగరేసిన.”

“తెలుసులేవయ్యా. నీ గద్దని మేమూ చూశాం.”

డ్రోనులో ఉన్నది వేడిని ఎరుపుగా, చల్లదనాన్ని నీలంగా చూపించే కెమెరా. ఆడవాళ్లుండే బిల్డింగుల మీద మామూలు కెమెరా వాడకూడదని డాక్టర్ హనాన్ నియమం. దానికి పట్టీ వేసి, వేడి కొలిచేది ఒక్కటే తెరిచేవాడు. మొదటిసారి ఆ వీధి మేడలన్నీ పెనం మీద అట్లలాగా ఎర్రగా వచ్చాయి. ఈ మేడ మీద మాత్రం ఒక మూల చాపంత మేర నీలంగా ఉంది. అక్కడ ఏముందని మేడం బిల్డింగు ఓనరు ఆఫీసును అడిగింది. ట్యాంకు కారుతోందేమో చూస్తాం అన్నారు వాళ్లు. సరిచూసుకోవడానికి రెండోసారి ఎగరేస్తే ఏముంది, మేడ మేడంతా నీలం! సముద్రం లేచొచ్చి అక్కడ పడుకున్నట్టుంది. వాజిద్ కెమెరా చెడిందనుకున్నాడు. తీరా చూస్తే ఆ నీలంలో ఆరేడు నారింజ చుక్కలు అటూ ఇటూ పరుగెత్తుతున్నాయి.

“ఆ పరుగులేంది అక్కా? నాకు ఇప్పటికీ సమజ్ కాలె.”

కెజియా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు.

“చెక్కింగ్ అనుకున్నామయ్యా! బయటంతా నితాఖత్తులూ చెక్కింగులూ అని గోల కదా, ఇప్పుడు మిషన్లు పెట్టి మేడలు కూడా లెక్కెడుతున్నారు కాబోలు అనుకున్నాం. ఒకసారి వచ్చి పోయింది, మళ్లీ వస్తదని అందరికీ చెప్పి పెట్టా. ఆ మోత వినపడంగానే దుప్పట్లు పట్రండే అని కేకేశా. ఐదంతస్తుల దుప్పట్లు. మొక్కల మీద తాళ్లు కట్టి ఆరేశాం, ఒక్క ఆకు కనపడకుండా.”

“ఆరేస్తే ఎర్రగ రావాలె కదా. గంత సల్లగ ఎట్లొచ్చింది?”

“తడిపాం కదా!”

“ఎందుకు?”

“ఎందుకేంటయ్యా? పొడి దుప్పట్లు ఆరేస్తే చూసేవాడికి అనుమానం రాదూ?”

వాజిద్ ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసి, కుర్చీలోంచి జారిపోయేంతగా నవ్వాడు. ఏసీ నీళ్లు బకెట్లకు బకెట్లు పోసి, బట్టలు నిజంగా ఉతికినట్టే పిండి మరీ ఆరేశారట. ఒక మలయాళీ అమ్మాయి క్లిప్పులు కూడా పెట్టిందట. తడి దుప్పటి ఎండలో ఆరుతూ ఎంత చల్లబడుతుందో ఏసీ మెకానిక్కుకు వేరే చెప్పాలా? కళ్లకు కనిపించకుండా దాచిన మొక్కలను, చల్లదనం వెతికే కెమెరాకు దండోరా వేసి చూపించారు. ఇంత పెద్ద నీలం చూసి ఓనరు ఆఫీసు హడలిపోయింది. ట్యాంకు పగిలిందనుకుని ముదీర్ ప్లంబరును వెంటబెట్టుకుని, ఆడవాళ్లను గదుల్లోకి పంపించి, పైకి పరుగెత్తాడు. ట్యాంకు నిక్షేపంగా ఉంది. దుప్పటి ఎత్తితే అడవి.

“ముదీర్ మంచోడే. కోపంలో కూడా మందారాన్ని తొక్కకుండా నడిచాడంట. కానీ రూలు రూలేగా. మేడ మీద ఏమీ ఉండకూడదన్నాడు. శనివారం మనుషుల్ని పంపిస్తానన్నాడు.” నవ్వు ఆమె ముఖంలోంచి మెల్లగా దిగిపోయింది. “మీ మేడం పైకొచ్చి చూసింది. ఒక్కో మొక్కా ఎవరిదని అడిగింది. నా అరబ్బీ ఆస్పత్రి అరబ్బీ తమ్ముడూ. ఎక్కడ నెప్పి, మందేసుకున్నావా, ఇంతవరకే వస్తది. ఈ కతంతా దాంట్లో ఎట్టా చెప్పను? అందుకే నా మనిషిని పంపిస్తా, మీ భాషలో చెప్పమంది. చెప్పా. ఇంక నీ దయ, ఆవిడ దయ, దేవుడి దయ.”

వాజిద్ ఆ సాయంత్రమే మొత్తం మళ్లీ విని, తన ఉర్దూ కలిసిన అరబ్బీలో మేడంకి వినిపించాడు. ఎక్కడ ఏ మాట తేలిపోయినా ఆపి మళ్లీ చెప్పాడు. మాబున్నీ గోడకి నిలబడే చోటు వచ్చేసరికి డాక్టర్ హనాన్ పెన్ను పక్కన పెట్టింది. తర్వాత, “కథ నాకు చాలు. ఓనరుకు చాలదు. మొక్కల కింద ఉన్న గదుల్లో ఎంత వేడి ఉందో కొలుద్దాం” అంది. ఆడ స్టూడెంట్లు ఇద్దరు అయిదో అంతస్తు గదుల్లో వేడి కొలిచే చిన్న బిళ్లలు అంటించి వచ్చారు. దుప్పట్ల రోజు ఫోటోను మేడం లెక్కలోంచి తీసేసింది. “అది మొక్కల గొప్ప కాదు, సిస్టర్లది” అని నవ్వింది.

శుక్రవారం సాయంత్రం సందులో సుభాని బుట్ట అందుకుంటుంటే వాజిద్ దూరంగా బండిలో కూర్చుని చూశాడు. ఆకు కాస్త ఎక్కువే దించినట్టుంది. సుభాని రెండు జేబులూ నింపుకుని కూడా పోకుండా, పైకి చూస్తూ నిలబడ్డాడు. పలకరిద్దామని దిగబోయి వాజిద్ మళ్లీ బండి తలుపు వేసుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం క్వార్టర్స్ నుంచి ఫోనొచ్చింది. “రా” అన్న ఒక్క మాటే చెప్పి కెజియా పెట్టేసింది. ఆ ‘రా’ ఏ రకం రా అన్నది అర్థంకాక, దారి పొడవునా వాజిద్ సిగ్నళ్లను తిట్టుకున్నాడు. విజిటర్స్ గదిలో అడుగు పెట్టేసరికి ఇద్రీస్ కుర్చీలో లేడు, లేచి నిలబడి ఉన్నాడు, పళ్లన్నీ కనిపిస్తున్నాయి.

“కూర్చో, కూర్చో. ఉంచమన్నారు!” కెజియా ఫ్లాస్కు మూత తిప్పుతూనే మొదలెట్టింది. “నీ రికార్డింగుకి కాదు, ఏమీ అనుకోమాక. కరెంటు బిల్లుకి. మొక్కల కింద గదుల్లో ఏసీలు కాస్త తెరిపినపడుతున్నాయని మీ మేడం చూపించిందంట. బిల్లు కట్టేది ఓనరేగా. ఈ ఏడు కరెంటు ధర పెరిగాక ఆయనకి మొక్కలంటే తెగ ప్రేమ పుట్టుకొచ్చింది.”

“అయితే చెట్టు ఉన్నట్టేనా అక్కా? కరివేపాకు?”

“ట్యాంకు దగ్గర మాత్రం వద్దన్నారు. ఇవతల గోడకి మార్చాలి, మీ మేడం చదువు అయ్యేదాకా ఉండచ్చు, తర్వాత మళ్లీ అడగాలి. అడుగుదాం, అడగడానికి భయమేంటి? మార్చడమే పెద్ద పనైంది. మట్టి డ్రమ్ము, నలుగురు పట్టినా కదల్లా. అప్పుడు మా కేరళ పిల్ల అంది, సిస్టర్, పేషెంటు ఇంతకంటే బరువుండడా అని. ఇంకేం! డ్రమ్ముని ఒక పక్కకి ఒరిగించి కింద దుప్పటి దోపాం, ఆ పక్కకి ఒరిగించి లాగాం. నాలుగు మూలలూ చుట్టి పట్టుకుని వన్, టూ, త్రీ. మంచం మీంచి మంచానికి మార్చినట్టు. మీ మేడం కూడా ఒక మూల పట్టింది, అబాయా చేతులు పైకి మడుచుకుని! ఒక్క ఆకు రాల్లేదయ్యా.”

“మాబున్నీకి చెప్పిన్రా?”

“చెప్పా. నీ చెట్టు గది మారిందే అన్నా. కొత్త గదిలో కిటికీ ఉందా అని అడిగింది.”

వాజిద్ టీ తాగాడు. ఈసారి ఆ టీలో చక్కెర ఉన్న సంగతి తెలిసింది. ఇంక సెలవు తీసుకుందామని లేస్తే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

“ఎక్కడికి? అసలు పిలిచింది వేరే పనికి. షరఫియాలో క్రిస్ వాళ్లున్నారు. భార్య లీల, పిల్లలిద్దరూ గురువారం వెళ్లిపోతన్నారు, ఎగ్జిట్ అయిపోయింది. వాళ్ల బాల్కనీలో మల్లె ఉంది, తీగ పైదాకా పాకింది. ట్యాక్సీవాళ్లు ఎక్కించుకోరు. నీకు ఆ గద్దని మోసే పెద్ద బండి ఉందిగా, ఎల్లుండి పోయి తీసుకురా.”

“తెస్త అక్కా. అదెంత పని.”

“అంత తేలిక కాదు, విను. తీగని కొయ్యనీకు, చుట్ట చుట్టి పట్టుకో. నిలబెట్టి తీసుకురా. దారిలో ఏసీ గాలి దాని మీదికి తిప్పబాక.” గుమ్మం దాకా వచ్చి, ఇద్రీస్ కుర్చీ వెనక చెయ్యి ఆనించి, కొంచెం గొంతు తగ్గించింది. “ఇంకోటి. లీల టీ ఇస్తది. వద్దనకు. తాగి, మల్లె సంగతి అడుగు, ఎప్పుడు పెట్టారు, మొదటి పువ్వు ఎప్పుడు పూసింది అని. తొందరున్నట్టు వాచీ చూసుకోబాక. ఆవిడ చెప్పిందంతా విని, ఆ తర్వాతే కుండీ మీద చెయ్యి వెయ్యి.”